నెమ్ము గోడ పక్కన మగ్గం

మే నెలలో ధర్మవరం గాలి ఎండిపోతుంది. దానితోపాటు పట్టు కూడా. పోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చేలోపు పోగు తెగుతుంది. అందుకే ఇంటింటా మగ్గం గుంత చుట్టూ నీళ్లు చల్లుకుంటారు.

నరసక్క చల్లదు. ఆమె బాడుగకున్న గదిలో మగ్గం పక్క గోడ ఎప్పుడూ తేమతో నెమ్మెక్కి చల్లగా ఉంటుంది. కాళ్లు గుంతలో పెట్టి, గోడకు భుజం ఆనించి నేస్తుంది. బయట తెల్లటి ఎండ. లోపల మబ్బు కింద కూర్చున్నట్టు ఉంటుంది. ఒక్కోసారి కళ్లు మూతపడతాయి, చేతులు ఆగవు. పెనుకొండ కొండ మీద వాన దిగినట్టు, అది నడుచుకుంటూ గది దాకా వస్తున్నట్టు అనిపిస్తుంది. పోగు తెగదు.

గోడ మీద నల్ల బూజు మొదట అరచేయంత ఉండేది. తర్వాత దుప్పటంత అయింది. తుడిచేది, మళ్లీ వచ్చేది. ఎవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం, నేసి చుట్టిన చీరను కొంత విప్పి వాసన చూసింది. తడి మట్టి. అంచు మీద ఆవగింజల్లా నల్ల చుక్కలు. హిందూపురంలో ఒక పెళ్లికి పోవాల్సిన చీర అది. ఇల్లు మారుదామంటే నిలువు పోగుల పడుగు మగ్గం మీద ఉంది, గుంత నేలలో ఉంది.

మేడ మీద ఉండే ఇంటి యజమాని అంజనప్పను పిలిచింది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొద్దస్తమానం నీళ్లు చల్లుకుంటాంటే గోడ నెమ్మెక్కక ఏమైతాదమ్మా? బాగు చేయించేది నీ పనే."

"నేను యాడ చల్లినా అన్నా?"

"నాకు చెప్తాండావా? నేనూ ఈ ఊరోన్నే. చల్లకుండా నేసే మగ్గం యాడుంది?"

నరసక్క మూలనున్న చెంబు తెచ్చి ఇచ్చింది. అంజనప్ప లోపలికి చూశాడు. దుమ్ము. దుమ్ములో చచ్చిన సాలీడు. చెంబు బోర్లించాడు, ఒక్క చుక్కయినా రాలుతుందేమోనని. తర్వాత తల పైకెత్తాడు. ఆ గోడకు సరిగ్గా పైన ఆయన స్నానాలగది.

"మరి ఎట్ల నేస్తాండావు?"

"నీ గోడే చల్లుతాండాది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమి?"

ఆమె గోడ వైపు చూసింది. "పోగు తెగలే. నోరు రాలే."

ఆయన చెంబు గడప మీద పెట్టాడు.

"నీకూ సుకంగానే ఉండె. అట్లయితే పైపు నాది, సున్నం నీది."

"సరేన్నా."

మేస్త్రీ పైన గచ్చు పగలగొట్టి కారే పైపు మార్చాడు. నరసక్క గోడ గీకి సున్నం వేయించింది. చుక్కలు పడినంత మేర నేత కోసేసి, పెళ్లి చీర మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఆ నష్టం ఆయనను అడగలేదు.

గోడ ఆరింది. ఆరిన రోజే పోగు తెగింది. ముడి వేసింది. మళ్లీ తెగింది. లేచి చెంబు కడిగి, నింపి, గుంత చుట్టూ చల్లింది.

మెట్లు దిగుతున్న అంజనప్ప కిటికీలోంచి చూశాడు. "ఏమ్మా, మళ్లా నీళ్లేనా?"

"ఇవి నా నీళ్లేలేన్నా."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. నరసక్క కాళ్లు గుంతలో పెట్టుకుంది. భుజం అలవాటుగా గోడను వెతికి, వెచ్చగా తగలగానే వెనక్కి వచ్చింది. కళ్లు మూసుకుంది. వాన పెనుకొండ దగ్గరే ఆగి ఉంది.