మొదటి గరిటె

గత నెల ఒక మంగళవారం పొద్దున నర్సమ్మగారు పోయారన్న కబురు వచ్చింది. అప్పటికి అమీర్‌పేటలో మా కర్రీ పాయింట్ షట్టరు ఇంకా ఎత్తలేదు. పప్పు దించేసి వంకాయ కూర కలుపుతున్నాను. ఆమె అక్క కొడుకు స్కూటరు ఆపి పక్క తలుపులోంచి తొంగి చూశాడు.

"చిన్నమ్మ పోయింది అక్కా. చాయ్ అడిగింది. నేను తెచ్చేలోపల కుర్చీల్నే కన్ను మూసింది" అన్నాడు.

నేను గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆపాను. అతను కళ్ళు తుడుచుకుని, "ఇయ్యాల క్యారియర్ నింపినవా?" అని అడిగాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పదేళ్ళుగా ఆమె నన్ను అడిగిన ప్రశ్న అదే. క్యారియర్ నింపి, దాన్ని పంపించి, అప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళాను.

ఆమె మాకు చుట్టం కాదు. ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఎనిమిదేళ్ళు చేసి రిటైరయ్యారు. ఊరు మెదక్ వైపు. పెళ్ళి చేసుకోలేదు. పంజాగుట్ట వెనక సందులో చిన్న డాబా ఇంట్లో ఉండేవారు. మా సంఘంలో పిల్లల దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా అందరికీ నర్సమ్మే. ఆరాధన అయ్యాక అందరం చేతులు కలుపుకుంటాం కదా, ఆమె మాత్రం చెయ్యి కాదు, మణికట్టు పట్టుకునేవారు. నాడి చూడందే వదిలేవారు కాదు. "నిద్ర పోతలేవు. ఏం ఫికర్ పెట్టుకున్నవ్?" అనేవారు. అబద్ధం చెప్పినా లాభం లేదు, వేళ్ళు అక్కడే ఉండేవి.

డాబా మీద పందిరి వేసి పొట్లకాయలు పెంచేవారు. వంకర తిరగకుండా ప్రతి పిందె చివరా దారంతో ఒక చిన్న రాయి కట్టేవారు. ఆ పొట్లకాయల వల్లే నాకు ఆమెతో అసలు పరిచయమైంది.

మా చర్చిలో ఏటా కోతపండుగ చేస్తాం. పట్నంలో కోతలేమిటని నవ్వేవాళ్ళున్నారు. పొలం లేకపోయినా ఎవరి చేతి పంట వాళ్ళు తెస్తారు. కుండీలో కాసిన గుప్పెడు మిరపకాయలు, పెరట్లో కోడి పెట్టిన గుడ్లు, ఇంట్లో కుట్టిన దిండు గలీబులు. ఆరాధన తర్వాత వాటిని చర్చి ఆవరణలోనే వేలం వేస్తాం. వచ్చింది బీదల నిధికి వెళ్తుంది కాబట్టి ఎవరూ వెల చూసుకోరు. సొరకాయ ఐదువందలకు పోయినా చప్పట్లే.

పదకొండేళ్ళ కిందటి పండుగకు నా చేతిసంచిలో ఐదు వేల రూపాయలు ఉన్నాయి. మా ఆయన ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో అటెండరు. పీఎఫ్‌లో అప్పు తీసి తెచ్చిన డబ్బు అది. అమీర్‌పేటలో అప్పటికే ప్రతి మేడ మీదా కంప్యూటర్ కోర్సు బోర్డులు వేలాడుతున్నాయి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు యూసుఫ్‌గూడ గదుల్లో అన్నం ఒక్కటి వండుకుని కూర కోసం తిరిగేవాళ్ళు. పది చదివిన నాకు కంప్యూటర్ రాదు గానీ కూర వచ్చు. ఒక చిన్న షట్టరు కుదిరింది. సోమవారం అడ్వాన్స్ ఇవ్వకపోతే జిరాక్స్ అతను తీసుకుంటాడు. శుక్రవారం ప్రార్థన కూటంలో ఈ సంగతి చెప్పి అందరి చేతా ప్రార్థన చేయించుకున్నాను. ఆదివారం డబ్బు మీద పాస్టరుగారితో ఒక మాట ప్రార్థన చేయిద్దామని సంచిలో పెట్టుకుని వచ్చాను. అదే నేను చేసిన పొరపాటు.

ఆ రోజు ప్రసంగం కానుకల మీదే. మనసు ఉప్పొంగిపోయి ఉంది. వేలంలో నర్సమ్మగారి పొట్లకాయ వచ్చింది. మనిషి చేయంత పొడవు, చివర రాయి ఇంకా వేలాడుతోంది. వేలం పాడించే సంఘపెద్ద సిటీబస్సు కండక్టరు. దాన్ని తలపైకెత్తి పట్టుకుని, "ఒక్క కాయకు ఒక్క రాయి ఫ్రీ! ముందుకు జరగాలె, ముందుకు జరగాలె!" అని అరిచాడు.

ఎవరో యాభై అన్నారు. నేను వంద అన్నాను. కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన ఒకతనూ, అతని కొత్త పెళ్ళామూ ఐదువందలు అన్నారు. నేను వెయ్యి అన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. మంచి నవ్వే, కానీ నాకు నా నేత చీర గుర్తొచ్చింది. పదిహేను వందలు, రెండు వేలు, మూడు వేలు.

"వెయ్యి స్టాపు దాటి వచ్చినం! దిగెటోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని కండక్టరు ఎగురుతున్నాడు.

"నాలుగు వేలు!" అన్నాను. ఆవరణ అంతా చప్పట్లు. గేటు దగ్గర మా ఆయన బొమ్మలా నిలబడిపోయాడు. అందులో భక్తి ఎంతో, పంతం ఎంతో ఇప్పటికీ నేను తేల్చలేను. పెళ్ళికూతురు నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. ఒకటోసారి అయింది. రెండోసారి అయింది.

"నాలుగు వేల పది" అని వెనక కుర్చీలోంచి వినబడింది.

నర్సమ్మగారు.

"అమ్మా, నీ కాయ నువ్వే కొంటున్నవా?" అన్నాడు కండక్టరు.

"నా బిడ్డ. నేనే తీసుకపోత. నీకేమన్న తక్లీఫా?"

అందరూ విరగబడి నవ్వారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్లయింది. జనం పలచబడ్డాక వేప చెట్టు కిందికి వెళ్ళి, "నా కానుకకు ఎందుకు అడ్డం వచ్చారు అమ్మగారూ?" అని అడిగాను. ఆమె నా మణికట్టు పట్టుకున్నారు.

"అబ్బో, గుర్రం ఉరికినట్టు ఉరుకుతుంది. కూసో. ఆ సంచిలున్న పైసలు ఎవరివి?"

"దేవుడివే."

"మంచిగ చెప్పినవ్. శుక్రవారం మనమందరం మోకాళ్ళ మీద ఉండి గవి దుకాణం కోసం అడిగినం. ఆదివారం నువ్వు గవి తీసి పొట్లకాయకు పెడ్తివి. దేవుడు ఏమనుకుంటడు? గీ సంఘానికి మతి ఉన్నదా లేదా అనుకోడా?"

కోపంగా ఉందామనుకున్నాను గానీ నవ్వు వచ్చేసింది. ఆమె అన్నారు, "నేను పండుగ కోసం జనవరి నుంచి పింఛన్ల కొంత తీసి పక్కకు పెడ్త. నువ్వు ఇయ్యాల పొద్దుగాల ప్రసంగం విని ఇచ్చినవ్. మనం యజమానులం కాదు బిడ్డా, గృహనిర్వాహకులం. ఏది దేనికోసం చేతికిచ్చిండో సూసుకోవాలె."

ఇంటికి వెళ్తూ మా ఆయన ఒకే మాట అన్నాడు: "పొట్లకాయ మనింటికి రాలేదు. స్తోత్రం."

సోమవారం అడ్వాన్స్ ఇచ్చాం. షట్టరు ఎత్తిన రోజు నర్సమ్మగారు మళ్ళీ పొట్లకాయలతో వచ్చి, తరిగి పెట్టి మరీ వెళ్ళారు. ఆ కూర గంటలో అయిపోయింది.

మరుసటి ఏడాది దుకాణానికి పెద్ద పొయ్యి అవసరమైంది. అదే రోజుల్లో అక్క కొడుకు ఆమె రిటైర్మెంటు డబ్బు షేర్లలో పెట్టమని వెంటపడ్డాడు. అప్పట్లో అందరి నోటా షేర్లే. ఆమె దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉండగా కాగితాలు తెచ్చి చూపించాడు.

"గీ కంపెనీ ఏం చేస్తదిరా?"

"లాభం చేస్తది చిన్నమ్మా."

"లాభం సరే. ఏం తయారు చేస్తది?"

అతను అప్పుడు కాగితం తిరగేసి చదివాడు. అది సీసాల్లో బ్రాందీ, విస్కీ నింపే కంపెనీ. ఆమె ఆ కాగితం మడిచి అతని చేతిలో పెట్టారు. తర్వాత మెల్లగా, "కడుపు ఉబ్బి వచ్చినోళ్ళకు నా చేతులతో ఎన్ని సెలైన్లు పెట్టిననో నాకే యాదికి లేదు. ఇగ గా సీసాల మీద వచ్చింది నేను తింటనా?" అన్నారు. కోప్పడలేదు. అతనికి వంకాయ కూర పొట్లం ఇచ్చి పంపించారు.

తర్వాత ఆ డబ్బులో కొంత బ్యాంకులో వేసి, కొంత నా పొయ్యికి ఇచ్చారు. "నా పైసలు ఏడ పని చేస్తున్నయో నేను నడిచిపోయి సూడాలె" అన్నారు. అసలు మెల్లగా తీర్చేశాను. వడ్డీ ఏమివ్వమంటారని అడిగితే ఆమె చెప్పింది ఒక్కటే: రోజూ షట్టరు ఎత్తకముందే ప్రతి గిన్నెలోంచి మొదటి గరిటె స్టీలు క్యారియర్‌లోకి వెళ్ళాలి. ఆ క్యారియర్ పంజాగుట్టలో పెద్దాసుపత్రి గోడ పక్కన, రోగుల కోసం వచ్చి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళకు చేరాలి. "వాళ్ళకు మిగిలింది పెట్టేది కాదు. ముందుగాల తీసింది పెట్టాలె."

అప్పటినుంచి దాదాపు రోజూ వచ్చేవారు. "ఏం బిడ్డా, నా పైసలు ఉడుకుతున్నయా?" అంటూ మూత ఎత్తి వాసన చూసేవారు. "జర ఉప్పు తక్కువుంది నా షేర్లకు" అని ఒకరోజు అన్నారు. కోర్సుల పిల్లలకు ఈ మాట నచ్చి, వాళ్ళు కూడా "అక్కా, నర్సమ్మ షేరు ఒక పావుకిలో కట్టు" అనడం మొదలుపెట్టారు.

ఒకసారి మాత్రం తప్పాను. ఏదో పరీక్ష అయి పిల్లలు ఒక్కసారే విరుచుకుపడ్డారు. గిన్నెలు ఖాళీ. నేను ఇంకా పంపని క్యారియర్ విప్పి అందులోది కూడా అమ్మేశాను, సాయంత్రం మళ్ళీ నింపుదాంలే అనుకుని. సరిగ్గా అప్పుడే ఆమె వచ్చారు. క్యారియర్ ఎత్తి చూశారు, బరువు లేదు.

"ఇయ్యాల దేవుడు ఉపవాసమా?" అన్నారు.

అంతే. కొంగు నడుముకు చుట్టి నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగారు. టమాటా పప్పు అయ్యేదాకా కదలలేదు. ఆ తర్వాత క్యారియర్ ఎప్పుడూ ఖాళీ కాలేదు.

పోయిన ఆదివారం మా కోతపండుగ. అక్క కొడుకు డాబా మీది నుంచి ఒక పొట్లకాయ కోసి తెచ్చాడు. ఆమె చేత్తో కట్టిన రాయి దానికి అలాగే ఉంది. ఇప్పుడు కండక్టరు రిటైరయ్యాడు, గొంతు మాత్రం రిటైరవలేదు. అయినా ఆ కాయ ఎత్తినప్పుడు అరవలేకపోయాడు. "నర్సమ్మ కాయ" అని మాత్రం అన్నాడు.

ఆనాటి కొత్త పెళ్ళికూతురు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, మూడు వేలు అంది. నేను జనవరి నుంచి పక్కన పెట్టిన డబ్బు ఉంది. "నాలుగు వేలు" అన్నాను. ఆమె నా వైపు చూసి నవ్వి, తల అడ్డంగా ఊపింది. ఒకటోసారి. రెండోసారి. కండక్టరు మూడోసారి అనలేదు. వెనక ఖాళీ కుర్చీ వైపు చూస్తూ ఆగిపోయాడు. అందరం అటే చూస్తున్నాం. ఎవరి మాట కోసం ఎదురుచూస్తున్నామో అందరికీ తెలుసు.

"నాలుగు వేల పది" అన్నాను.

"మీ పాట మీదే మీరు పెంచుతున్నరా అమ్మా?" అన్నాడు కండక్టరు.

"మీకేమన్నా ఇబ్బందా?" అన్నాను.

ఆవరణ అంతా నవ్వింది. అక్క కొడుకు కళ్ళు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా నవ్వాడు.

సోమవారం పొద్దున ఆ కాయ తరిగాను. మొదటి గరిటె క్యారియర్‌లోకి వెళ్ళింది. దారంతో సహా విప్పిన రాయిని పారేయబుద్ధి కాక క్యారియర్ పిడికి కట్టాను. ఇప్పుడు ఎవరు దాన్ని ఎత్తుకుని పంజాగుట్ట వైపు నడిచినా, అడుగు అడుగుకీ ఆ రాయి స్టీలుకు తగిలి టక్కుటక్కుమంటుంది. సందు మలుపు తిరిగేదాకా నాకు వినబడుతుంది. అప్పుడు షట్టరు ఎత్తుతాను.