వచ్చింది వచ్చినట్టు

ఆఫీసంతా మధ్యవర్తి అని పిలిచే ఆవిడ చేతికింద ఉన్నది ఒకే ఒక యంత్రం. మిగతా కంప్యూటర్లన్నీ తమ బాగోగులు దానికి చెప్పుకుంటాయి. అది వాటిని పైఅంతస్తులో డైరెక్టరుగారి గోడమీది తెరకు చేరవేస్తుంది. అంతటి సాధువుకూ ఒక దురలవాటు ఉండేది: దారిలో ప్రతి కబురు మీదా పంపినవాడి పేరు చెరిపి తన పేరు వేసుకోవడం.

ఆ అలవాటును ముందుగా కనిపెట్టిన మహానుభావుడు ఆవిడ అక్క మొగుడు, అక్కడే సూపర్‌వైజరు. భోజనమయ్యాక ఆయనకు కునుకు పడాలి. గోడ అవతలి పాత సర్వరు ఫ్యాను రొద ఆ పవిత్ర కార్యానికి భంగం. కనుక తన కంప్యూటరు నుంచే దాన్ని ఆపి, లేచాక మళ్లీ నడిపించేవాడు. ఆపమన్నది నేనేనని ఆయన కంప్యూటరు నిజాయితీగా ఒప్పుకునేది. తెర మీదికెక్కేసరికి ఆ ఒప్పుకోలు మరదలి యంత్రం పేరున ఉండేది.

విచారణ జరిగింది. సొంత మనిషైనా తప్పు తప్పేనని బావగారు బరువుగా తలపంకించాడు. ఆవిడ కుర్చీ కిటికీలేని స్టోర్‌రూముకు దిగింది. ఇంకోసారి సర్వరు ఆగితే ఉద్యోగమే ఉండదన్నారు. నీకోసం ఆయన ఎంత బతిమాలాడారో తెలుసా అని అక్క ఫోన్లో దెప్పింది.

సర్వరు చచ్చే వేళకూ, బావగారి చెంప మీద ఫైలు అచ్చు పడే వేళకూ ఉన్న చుట్టరికం ఆవిడకు తెలియనిది కాదు. చెబితే నమ్మేవాళ్లే లేరు. పళ్లు నూరుకుని, ఆ యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి చదివింది. చెప్పిన మాట ఒక పొర. దాన్ని సర్ది ఎటు పోవాలో తేల్చేది ఇంకో పొర. మోసుకెళ్లే దారి మూడోది. అందులోనే ఒక నియమం కనిపించింది: కబురు పుట్టించినదాని పేరును నడుమ చేరవేసేది ముట్టుకోకూడదు. తన యంత్రం చేత ఆ దురలవాటు మాన్పించింది. ఎవరికీ చెప్పలేదు, బంధువులకు బొత్తిగా చెప్పలేదు.

మర్నాడు బావగారి క్యారేజీలోకి ప్రేమగా రెండు కూరలు ఎక్కువ పంపింది.

సర్వరు ఆగింది. అందరినీ పైకి పిలిచారు. బావగారు కళ్లు నులుముకుంటూ వచ్చి, తెర వైపు చూడకుండానే, "ముందే చెప్పానండీ, మా మరదలిని ఇంట్లో కూర్చోబెట్టడం మంచిది" అన్నాడు.

డైరెక్టరు తెర చూపించాడు. దాని మీద బావగారి కంప్యూటరు పేరు నిగనిగలాడుతోంది.

"ఏమ్మా, నీ యంత్రమే ఏదో తారుమారు చేసిందని చెప్పవే" అన్నాడు బావగారు నీరసంగా.

"ఇదివరకు చేసేది బావగారూ. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టే పంపుతోంది."

కుర్చీలు మారాయి. స్టోర్‌రూములో ఆయనకు తోడుగా ఉంటుందని, పాత సర్వరును కూడా అక్కడికే దింపించి, ఆపే మీట ఆవిడ తన గదిలో పెట్టుకుంది.