మా ఊరు శివారైన వైనం

మా ముత్తాత శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. తాత పోలీసు పటేలు. కచేరీకి వెళితే తాతకు కుర్చీ వేసేవారు. నాన్న నాటికి పటేల్గిరీ రద్దయింది. అయినా ఊళ్లో ఎవరింట పెళ్లయినా మొదటి తాంబూలం మా గడపకే వచ్చేది. గొప్పకు చెప్పడం లేదు. ఊరంటే ఏమిటో మాకు ఇంకొకరు నేర్పనక్కర్లేదని చెబుతున్నాను.

భద్రాచలం బస్సు ఆగేది మా ఊళ్లో. ఊరు దాటితే వాగు, వాగు అవతల గిరిజనుల గూడెం. నా చిన్నతనంలో ఆ గూడెం మా ఊరి కింద శివారు పల్లె. పంచాయతీ ఆఫీసు, రేషన్ దుకాణం, బడి అన్నీ మా వైపే. తరువాత మా వాళ్లు ఒక్కొక్కరే ఖమ్మం, సత్తుపల్లి చేరుకున్నారు. ఇళ్లకు తాళాలు పడ్డాయి. గూడెంలో మాత్రం ఏటా కొత్త గోడలు లేచాయి. ఇది ఏజెన్సీ ప్రాంతం; సర్పంచ్ పదవి గిరిజనులకే అని చట్టం. పంచాయతీకి పేరు మా ఊరిదే కదా అని అది ఎప్పుడో దిగమింగాం.

చివరికి ఆ పేరుకే ఎసరు పెట్టారు. జనం ఎక్కువున్న చోటే పంచాయతీ కేంద్రం ఉండాలని గూడెం వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. గ్రామసభలో చేతులెత్తించి తేల్చమని పైనుంచి చెప్పారు. మా వాళ్లందరూ వెళితే మేమే నెగ్గుతాం. అందుకే ఖమ్మంలో ఉంటున్నా ఓటు ఇక్కడే ఉన్నవాళ్లను కూడా ముందురోజే పిలిపించుకున్నాం.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. సభ ఏదైనా చాటింపు అందరికీ; మా ఇంటికి మాత్రం కావలికారు గేటు దాకా వచ్చి "దయచెయ్యుండ్రి పటేలా" అని పిలవాలి. ఆ పిలుపు లేకుండా మేం లేవం. మేం లేవకుండా మా వాడకట్టు లేవదు. ఆ పొద్దున అన్నయ్య, నేను ఇస్త్రీ బట్టలు కట్టుకుని వసారాలో కూర్చున్నాం. వీధిలో ప్రతి అరుగు మీదా మా వాళ్లు తయారుగా ఉన్నారు. పంచాయతీ చెత్త ట్రాక్టరు మైకులో ఏదో అరుచుకుంటూ పోయింది. చెత్త బండి అరుపుకు లేచి వెళ్లే ఇల్లు కాదు మాది.

ఎండ నడినెత్తికి వచ్చాక పంచాయతీ కార్యదర్శి బండి మా గేటు ముందు ఆగింది. వెనక గూడెం పెద్దమనిషి. దిగలేదు.

"సభ అయిపోయింది పటేలా. మీరు రాకపోతిరి," అన్నాడు పెద్దమనిషి.

"పిలిచిందెవడు?" అన్నాడు అన్నయ్య.

"మైకుల ఒకటికి రెండుసార్లు చెప్పిచ్చినం గద. గడప గడపకు వచ్చి పిలవనీకి ఇదేమన్న పెండ్లా ఏంది?"

"కావలికారు ఏడి?"

"మా దిక్కే కూసున్నడు. చెయ్యి గూడ లేపిండు." పెద్దమనిషి వీధంతా కలయజూసి నవ్వాడు. "అబ్బో, గింతమంది ఉన్నరా! మీరంతా వస్తే మేం ఓడిపోదుము."

కార్యదర్శి తల దించుకున్నాడు. "తీర్మానం రాసినం సార్. సంతకాలు గూడ అయినయ్."

గేటు ముందు నుంచి బండి తీయమన్నాను.

"తీస్తం పటేలా," అన్నాడు పెద్దమనిషి. "ఇగ మీకు ఏ కాగితం గావాల్నన్నా మీరే వాగు దాటాలె."

వాళ్లకు మా పద్ధతి తెలుసు. తెలిసే పిలవలేదు. దాన్ని నేను ఈనాటికీ గెలుపు అనను. వెళ్లి ఉండాల్సిందని మా ఆడవాళ్లు దెప్పుతుంటారు. పిలవని సభకు పోయి చెయ్యెత్తడం నాకు చేతకాదు. రేపు మళ్లీ పెట్టినా పోను.

బస్సు ఆగే చోట బోర్డు మార్చారు. గూడెం పేరు పైన. కింద మా ఊరి పేరు, పక్కన 'శివారు' అని. ఆ బోర్డు ముందు బస్సు దిగనన్నాడు అన్నయ్య. ఖమ్మంలో ఇల్లు కొనుక్కుందామన్నాడు. ఆ వేసవిలోనే మాగాణి మొత్తం అమ్మేశాం. ఈ ప్రాంతంలో మా భూమిని గిరిజనులకు తప్ప అమ్మకూడదు. గూడెం వాళ్లే కొన్నారు.