పెరటి గుంత, వదిన చేపలు

ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే ఈ ఏడు మా చిత్తూరులో ఎండ ముదిరింది. మొన్న ఆదివారం పొద్దున నేను పెరట్లో ముక్కాలిపీట వేసుకుని, చేపల గుంత అడుగున పేరుకున్న బురదను చెంబుతో బకెట్లోకి తోడుతూ ఉంటే, మా మేనల్లుడు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. కొత్తగా కొన్న కారు వీధిలో ఎండకు మాడిపోతోందనీ, ఈ గుంత పూడ్చేస్తే దాన్ని పెరట్లోకి తెచ్చుకోవచ్చనీ, చేపలను ఇంట్లో గాజుతొట్లలోకి మార్చుకుంటే నా మోకాళ్ళకూ సుఖమనీ మెల్లగా కదిపాడు. వాడు చెడ్డవాడు కాదు, నా మోకాళ్ళ మీద వాడికి నిజంగానే జాలి. నేను తోడుతూనే ఉన్నాను. గుంత పూడ్చాలన్న మాట మా ఇంట్లో నాకు కొత్త కాదు మరి. చేపలు వచ్చాక మొదట ఆ మాట అన్నది వాడిని కన్నతల్లే, మా వదిన.

అప్పటికి నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి ఎంతో కాలం కాలేదు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న నా ఈడువాళ్ళకు ఆ ఉద్యోగం ఎలాంటిదో చెప్పనక్కరలేదు. పెళ్ళి కబుర్లూ, చావు కబుర్లూ, సరుకుల బేరాలూ అన్నీ మా చెవుల్లోంచే పోవాలి, ఆలస్యమైతే తిట్లు మాత్రం మా దగ్గరే ఆగిపోవాలి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎవరి గొంతూ వినబుద్ధయ్యేది కాదు. ఆ రోజుల్లోనే నాయన ఇంటికి రెండు గదులు కలిపి కట్టించి, సున్నం నానబెట్టడానికి పెరట్లో తవ్వించిన గుంతను పూడ్పించబోతుంటే, నేను అడ్డం పడి దానికి సిమెంటు పూయించాను. నోరు తెరిచినా మాట బయటికి రాని ప్రాణులు నాలుగు అందులో తిరుగుతుంటే ఊరికే చూస్తూ కూర్చోవాలని నా కోరిక. పెళ్ళి వద్దన్నప్పుడే నా మొండితనం తెలిసిన మనిషి కాబట్టి, నాయన ఈ చిన్న గుంత కోసం నాతో వాదం పెట్టుకోలేదు.

ఎక్స్ఛేంజిలో నా పక్క సీటావిడ మద్రాసు వెళ్ళి వస్తూ ప్లాస్టిక్ సంచిలో బంగారు చేపలు తెచ్చిపెట్టింది. వాటిని గుంతలోకి వదలబోతుంటే, ఐరాల నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళ పుట్టింట్లో చెరకు ఆడి బెల్లం వండేవారు, పాకంలో ఎంత సున్నం వేయాలో ఆవిడకు చిన్ననాటి నుంచీ తెలుసు. గుంతలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, "సున్నం ఇంకా సావలేదు మే, కొరుకుతా ఉండాది. సింతపండు పిసికి పొయ్యి," అంది, మా వైపు ఆడవాళ్ళను చనువుగా పిలిచే 'మే'తోనే. ఆ మాట పట్టుకుని చేపలను తాత్కాలికంగా అండాలో ఉంచి, అమ్మ గొణుగుతూ ఇచ్చిన పాత చింతపండు పులుసూ, అరటిబోదె ముక్కలూ గుంతలో వేసి, నీళ్ళు నిలవబెట్టి, తోడిపోసి, మళ్ళీ నింపి, నానా తంటాలు పడ్డాను. వదిన వాకిట్లో నిలబడి, "సింతపండు పడింది. ఇంక ఉప్పూ కారం ఏస్తే పులుసే," అంది. కొత్త కోడలి నోట అలాంటి మాట వచ్చేసరికి నాయనతో సహా అందరం పడీపడీ నవ్వాం. ఆవిడ మా ఇంట్లో మనిషైంది ఆ రోజే అనుకుంటాను.

గుంత నిలబడింది, చేపలు బతికాయి, నాకు ఏడాది పొడుగునా పని దొరికింది. ఎండాకాలానికి ముందు బురద తోడాలి, పైన కొబ్బరాకుల తడిక కప్పాలి. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ ఘాటు ఉంటుంది కాబట్టి ఒక రోజు బకెట్లలో నిలవబెట్టి గానీ పోయకూడదు. కార్తీకంలో ముసురు పట్టిందంటే గుంత పొంగి చేపలు మోరీలోకి కొట్టుకుపోతాయని పాత చీర పరిచి అంచుల మీద ఇటుకలు పెట్టాలి, ఆ చీరే కొంగలకూ అడ్డు. చలిరోజుల్లో మేత తగ్గించాలి. గుంతలో తేలే గుర్రపుడెక్క వేళ్ళకు గుడ్లు అంటుకుని కనబడితే, కన్నవే వాటిని తినేస్తాయి గనక, వేళ్ళతో సహా తెచ్చి వరండాలోని గాజుతొట్టిలో వేయాలి. చేప ఒంటి మీద తెల్లమచ్చ లేస్తే తొట్టిలో కల్లుప్పు కరిగించాలి. నేను ఉప్పుడబ్బా కోసం వంటింట్లోకి వచ్చినప్పుడల్లా వదిన తల తిప్పకుండానే, "ఉప్పూ అయింది, కారం ఎప్పుడేస్తావు మే?" అనేది. ఆ వేళాకోళం ఎన్నేళ్ళు విన్నా నాకు విసుగనిపించలేదు.

ఆ తరువాత వరుసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళు వచ్చాయి. అమ్మా నాయనా అప్పటికి లేరు, ఇంటి బరువంతా వదినదే. కుళాయి ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే వీధి వీధంతా బిందెలతో పరుగు. చేతిపంపు దగ్గర జుట్టూజుట్టూ పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటి ఒక మధ్యాహ్నం వదిన రెండు బిందెలు మోసుకొచ్చి దింపి, చెమట తుడుచుకుంటూ గుంత వైపు చూసింది. "తాను దూర సందు లేదు, మెడకో డోలంట. మడుసులం నీళ్ళకి అల్లాడతా ఉంటే సేపలకి నీళ్ళా? ఆ గుంత పూడ్సెయ్ మే." వేళాకోళం కాదు, గొంతులో మంట ఉంది. ఆవిడ అన్నది న్యాయమే, అందుకే నాకు మరీ కష్టంగా తోచింది. అన్న మధ్యలో కూర్చుని తీర్పు చెప్పాడు: ఇంటి నీళ్ళలోంచి చేపల కోసమని ఒక్క చెంబు కూడా అదనంగా పోకూడదు, అలా వానలదాకా లాక్కొస్తే గుంత ఉంటుంది, లేదంటే పూడ్చేయడమే. సరేనన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఎక్స్ఛేంజిలో కూడా నాకు పేరు.

అదనంగా పోయకుండా ఎలాగంటారా? మల్లెపాదుకూ, కరివేపాకు చెట్టుకూ, వాకిలి కడగడానికీ ఎలాగూ కొన్ని నీళ్ళు పోయాలి కదా. ఆ నీళ్ళను ముందు గుంతలో పోసి, అంతే పాతనీరు గుంతలోంచి తోడి చెట్లకూ వాకిలికీ వాడటం మొదలుపెట్టాను. డ్యూటీకి వెళ్ళేముందు ఒక విడత, వచ్చాక ఒక విడత. అరచేతులు బొబ్బలెక్కాయి, ఎక్స్ఛేంజిలో ప్లగ్గులు గుచ్చుతుంటే మండేవి. వదిన వాకిట్లో నిలబడి నేను ఎంత పోస్తున్నానో ఎంత తోడుతున్నానో కళ్ళతోనే కొలిచేది. మల్లె మాత్రం ఆ ఏడు విరగబూసింది. ఆ పూలు మాల కట్టి తలలో పెట్టుకుంటూ కూడా ఆవిడ చేపల గురించి ఒక్క మంచిమాట అనలేదు.

ఎండలు నడిమికి వచ్చేసరికి అన్నకు చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా మంచం అదిరేటంత వణుకు. వచ్చిన డాక్టరు పెరట్లో వాడకం నీళ్ళు నింపుకునే సిమెంటు తొట్టీ, డ్రమ్ములూ చూసి, నిలవనీళ్ళన్నీ పారబోయమన్నాడు, దోమలు పుట్టేది వాటిలోనేనట. వదిన డ్రమ్ము అంచు పట్టుకుని చాలాసేపు నిలబడింది. అందులో సన్నటి పురుగులు తోకలాడిస్తూ తిరుగుతున్న మాట నిజమే, కానీ అవి ఆవిడ నడుమున ఎత్తుకుని మోసుకొచ్చిన నీళ్ళు, మళ్ళీ ఎప్పుడు వస్తాయో తెలియని నీళ్ళు. పారబోయడానికి చెయ్యి రాక ఏడ్చేసింది. మా వదిన ఏడవగా చూడటం నాకు అదే మొదలు. నేను దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాను.

కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని గుంత దగ్గరికి వెళ్ళి, తడిక ఎత్తి, వంగి చూసింది. అందులో ఒక్క పురుగు లేదు. ఎలా ఉంటుంది, పడినది పడినట్టే చేపలు మింగేస్తుంటే! నా వైపు తిరిగి, "మే, ఆ తోక సినిగినదాన్ని నా తొట్టిలో ఎయ్. సూస్తా," అంది. వేశాను. మర్నాటికే తొట్టిలో ఒక్క పురుగు కనబడలేదు. తరువాత డ్రమ్ముకు ఒకటి కావాలంది, ఆ పైన స్నానాల గది తొట్టికి. అన్న మంచం దిగి పెరట్లోకి నడిచి వచ్చేనాటికి నా చేపల్లో సగం వదిన తొట్లలోనే కాపురం ఉన్నాయి. కరెంటు పోయి వరండాలో గాజుతొట్టి నీళ్ళలోకి గాలి ఊదే మోటారు ఆగిపోయిన మధ్యాహ్నాల్లో, నేను డ్యూటీలో ఉంటే, ఆవిడే స్టూలు వేసుకుని అందులోని నీళ్ళనే చెంబుతో ముంచి పైనుంచి ధారగా పోస్తూ కూర్చునేదని పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. ఆవిడ నాతో ఆ మాట అననూ లేదు, నేను అడగనూ లేదు.

చివరికి వానలు పడ్డాయి. వదిన తొట్లలోని చేపలను తనే పాత చీర చెరగుతో ఒక్కొక్కటిగా పట్టి గుంతలో వదులుతుంటే, అన్న నవ్వుతూ గుంత పూడ్చే సంగతి ఏమైందని అడిగాడు. ఆవిడ తల ఎత్తకుండానే అంది: "పూడిస్తే నా సేపల్ని యాడ పెట్టేది?" నావి ఎప్పుడు తనవైపోయాయో నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆ మాటకు నాకు కలిగినంత సంతోషం ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు.

అన్న పోయాక మేమిద్దరమే ఆ గుంతను చూసుకున్నాం, ఏటా అదే తోడటం, అదే కప్పడం, అవే దెప్పుళ్ళు. పోయిన మార్గశిరంలో వదిన కూడా వెళ్ళిపోయింది.

మొన్న ఆదివారం బురద తోడటం అయ్యాక మేనల్లుడు చేయి అందిస్తే లేచి నిలబడి, వాడి మొహంలోకి చూసి, "పూడిస్తే మీ అమ్మ చేపల్ని యాడ పెట్టేదిరా?" అన్నాను. వాడు తల వంచుకుని బురద బకెట్టు ఎత్తుకెళ్ళి మల్లెపాదులో పోశాడు. సాయంత్రం చూస్తే వీధిలో కారు మీద గుడ్డ కవరు కప్పి ఉంది. నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఏటా ఆ బురద నేనే తోడతాను. పీట మీద కూర్చోలేని రోజు వస్తే గట్టు మీద కూర్చుని తోడిస్తాను.

ఇప్పుడు కుళాయి రోజూ వస్తుంది. కరెంటు పోయినా ఇన్వర్టరు మీద గాలి మోటారు తిరుగుతూనే ఉంటుంది. చేపల జబ్బులకు అంగట్లో రంగురంగుల సీసాల మందులు దొరుకుతాయి. చేపలకు నీళ్ళా, మనుషులకు నీళ్ళా అని నిలదీసేవాళ్ళు ఇంట్లో లేరు. కావలసినన్ని నీళ్ళు పోసుకోవచ్చు, కానీ పోస్తున్నప్పుడు ఎవరూ కళ్ళతో కొలవకపోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు. నిన్న గాజుతొట్టిలో ఒక చేప తోక దగ్గర తెల్లమచ్చ కనబడింది. వంటింట్లోకి వెళ్ళి కల్లుప్పు తెచ్చి, నీళ్ళలో వేసి, కరిగేదాకా తొట్టి పక్కనే నిలబడ్డాను. కారం సంగతి ఎవరూ అడగలేదు.