తెల్లచీర కుచ్చిళ్ళు

మా అత్తగారు తన చావు గురించి మాట్లాడినంత తేలిగ్గా మా ఇంట్లో ఎవరూ రేపటి కూర గురించి కూడా మాట్లాడరు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "నేను పోయినప్పుడు ఆ తెల్లసీరే కట్టండి. జాకెట్టు మాత్రం కొత్తది కుట్టండి, పాతది నాకు పట్టదు" అంటుంది. చోడవరం మెయిన్ రోడ్డులో మగ్గం వర్కు, జాకెట్ల కొట్టు నాది కాబట్టి ఆ చివరి ముక్క నాకేసి చూసి అంటుంది. ఎక్కడ కొలతలు తీసుకోమంటుందోనని నేను లేచి వంటింట్లోకి పోతాను.

ఆ తెల్లచీర ఆవిడ పెళ్ళిచీర. మా కిరస్తానీ ఇళ్ళలో పెళ్ళికూతురు చర్చికి తెల్లచీరతో వెళుతుంది, అది అందరికీ తెలిసిందే. మా అత్తవారి వైపు ఇంకో పద్ధతి ఉంది. ఏ చీరతో పెళ్ళాడిందో ఆ చీరతోనే ఆడమనిషి సమాధిలోకి వెళ్ళాలి. ఆవిడ అత్తగారు అలాగే వెళ్ళింది. ఆవిడ తల్లి కూడానట. అందుకని ఏటా క్రిస్మస్‌కి ఇంటికి సున్నాలు వేసే ముందు ట్రంకు పెట్టె తెరిచి, వేపాకు దులిపి, ఆ పట్టుచీరని వరండాలో నీడన ఆరేసి, మళ్ళీ కొత్త మడతలు వేసి దాస్తుంది. పట్టు ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే అక్కడే చీలిపోతుంది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆ చీర రెండో కొసని పట్టుకునే పని నాది. మడత ఎక్కడ వేయాలో చెప్పే పని ఆవిడది.

ఆవిడ కళ్ళకు శుక్లాలు ముదిరి, ఆపరేషన్ అయి, కొత్త కళ్ళతో తెరిచిన ఏడాది ఆ చీర మడతలన్నిటి దగ్గరా చీలి ఉంది. సంగతేమిటంటే, చూపు మసకబారిన ఆ ఏళ్ళన్నిట్లో ఆవిడ వేలితో తడుముకుని, చేతికి తగిలిన పాత మడతనే కొత్త మడత అనుకుని వేస్తూ వచ్చింది. మడత మార్చడం ఒక్కటే ఆ చీరకి కావలసిన సేవ. అదే జరగలేదు, రెండో కొస పట్టుకున్న నేనూ గమనించలేదు. అత్త నేల మీద కూర్చుండిపోయింది.

"సిరుగుసీరతో ఎల్తానేటి నేను? మీ మావయ్య నవ్వడేటి?" అని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆయన సమాధి దగ్గర కూడా గట్టిగా నిలబడ్డ మనిషి.

నేను కొట్టుదాన్ని కదా, నాకు తోచింది నేను చెప్పాను. వెనక లైనింగు వేసి, చీలికల మీద లేసు పట్టీలు కుట్టేస్తే కనబడదన్నాను. అప్పుడు మా వదిన, అంటే అత్తగారి పెద్దకూతురు, చీర అంచు పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "నాకొదిలీ అమ్మా, నేను సూస్తాను" అంది. నేను గబుక్కున రెండో కొస పట్టుకున్నాను.

ఎందుకో చెప్పాలంటే మా వదిన గురించి చెప్పాలి. బొమ్మల చదువు చదువుకుని, బుచ్చయ్యపేట దగ్గర బడిలో డ్రాయింగు చెబుతుంది. తల్లితోనే ఉంటుంది. రంగులూ కుంచెలూ మానేసి చాలా కాలమైంది, సూదీ దారంతోనే బొమ్మలు వేస్తుంది. అవి కూడా ఎవరూ ముట్టుకోని గుడ్డల మీద. గోనెసంచుల మీద, ఆసుపత్రి దుప్పటి మీద, చిరిగిన గొడుగు గుడ్డ మీద. ఒకసారి చెరకురసం వడకట్టే గుడ్డ తెచ్చి దాని మీద బారులు బారులుగా చీమల్ని కుట్టింది. గుడ్డలో తీపి ఇంకా ఉండబట్టి మర్నాటికి నిజం చీమలు వచ్చి చేరాయి. నేను విదిలించబోతే, "ఉండనీయే, వాటికి నచ్చింది" అంది. అలాంటి మనిషి చేతికి సమాధిచీర ఇవ్వడమంటే నాకు భయం వేయదా?

పెళ్ళి జాకెట్ల మీద నేను పూసలు, జరీ, అద్దాలు ఎంత దట్టంగా వేస్తే అంత గొప్ప. మా ఇద్దరిదీ సూదే, దారమే. అయినా వదిన పనికీ నా పనికీ ఉన్న తేడా ఆ చీరతోనే నాకు తెలిసింది.

ముందు చీలికల వెనక సన్నని మల్లు గుడ్డ పట్టీలు వేసి రఫూ చేసింది. అది నేనూ చేయగలను. తర్వాత చీరంతా మంచం మీద పరిచి, మంచమెక్కి నిలబడి చూసింది. చీలికలన్నీ అడ్డంగా నిలువుగా గళ్ళు కట్టి ఉన్నాయి. "చీడికాడ కొండెక్కి సూస్తే మన పొలాలు ఇలాగే ఉంటాయే. ఇవి గట్లు" అంది. అత్త వెంటనే వేలు చూపించి బెదిరించింది. "ఆకుపచ్చ దారం ముట్టేవంటే ఊరుకోను. తెల్లసీర తెల్లగానే ఉండాలి."

వదిన ఒప్పుకుంది. తెలుపు మీద తెలుపే కుట్టింది. గట్ల మీద కొంగల్ని కుట్టింది. పూత పట్టిన చెరకు వెన్నుల్ని కుట్టింది. బెల్లం పెనం మీంచి లేచే ఆవిరి, సున్నం వేసిన చర్చి గోడ, గంజి వార్చిన గిన్నె, అత్త బతుకులో తెల్లగా ఏమేం ఉన్నాయో అన్నీ. తెల్లదారం అంటే ఒకటే అని ఇన్నేళ్ళూ కొట్టు నడుపుతున్న నేను అనుకునేదాన్ని. వదిన అనకాపల్లి అంతా తిరిగి, పాలలాంటిది ఒకటి, బూడిద కలిసినట్టుండేది ఒకటి, ఎండలో వెలిసిన నూలు ఒకటి, ఇలా ఏరుకొచ్చింది. ఎదురుగా చూస్తే ఏమీ కనిపించదు. కిటికీ వైపు నుంచి వెలుతురు వాలినప్పుడు కొంగలు లేస్తాయి. నాకు అసూయ వేసింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

విశాఖలో గుడ్డలూ దారాలతో బొమ్మలు చేసేవాళ్ళ ఎగ్జిబిషన్ ఒకటి పెడుతున్నారని, చీరని పంపమని వదినకి కబురొచ్చింది. అత్త ఒకే మాట అడిగింది. "మళ్ళీ ఇంటికొచ్చేస్తాదా?"

"వచ్చేస్తాదమ్మా."

"నాకు అవసరపడే లోపల రావాల. అంతే."

చీర పంపాల్సిన రోజులు దగ్గర పడ్డాక అత్త, "ఓపాలి కట్టి సూస్తానే" అంది. ఒంటిమీదున్న జాకెట్టు మీదే నేను కట్టబోయాను. కొంగు బాగా పడింది. ఒంటి చుట్టూ బాగా తిరిగింది. కుచ్చిళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేతిలో నిలవలేదు. దట్టంగా చెరకుతోట కుట్టిన చోటు అదే. మడిస్తే అట్టలా పైకి లేస్తోంది. వదలగానే విచ్చుకుపోతోంది. ఎంత నొక్కినా నడుం దగ్గర మోపులా తయారైంది.

మంచం మీద పరిచి, మంచం మీద చూసి, మంచం మీదే కుట్టిన వదినకి అది కట్టుకునే చీరన్న సంగతే గుర్తులేదు. తను చేసిన పనులన్నీ గోడకెక్కేవే మరి.

"కుచ్చిళ్ళు పడని సీర సీరేటే?" అంది అత్త మెల్లగా. కోపంగా అన్నా బాగుండేది.

ఆ చెరకుతోట ఆ చీరలోకెల్లా మంచి పని. అక్కడ వదిన ఆకుల మధ్య గాలిని కూడా కుట్టింది. గోడ మీద ఎలాగూ బాగుంటుంది, ఎగ్జిబిషన్ అయ్యాక చూద్దాం అని నేను సర్ది చెప్పబోయాను. వదిన వినలేదు. చిన్న కత్తెర తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని, నెలల తరబడి వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. పట్టు పాతది, దారం గట్టిగా లాగితే గుడ్డ పోతుంది. కుట్టడానికి పట్టినంత ఓపికా విప్పడానికీ పట్టింది. విప్పిన దారం ముక్కలు ఒళ్ళో పోగు పడుతుంటే నేను చూడలేక కొట్టుకి వెళ్ళిపోయాను. నా కొట్టులో జాకెట్టు మీద ఒక పువ్వు తప్పు పడితే దాని మీద ఇంకో పెద్ద పువ్వు వేసి కప్పేస్తాం. విప్పడం అన్నది మా లెక్కలోనే లేదు. ఆ రోజు నుంచి మా వదినంటే నాకు గౌరవం అని చెప్పడం తక్కువే, కొంచెం భయం కూడా.

విప్పాక అక్కడ ఏమీ మిగల్లేదనుకున్నాం. చీర ఎత్తి పట్టుకుంటే సూది బెజ్జాలు కనిపించాయి. తోట పోయింది, తోట ఉన్న గుర్తు ఉండిపోయింది.

ఎగ్జిబిషన్‌కి అత్తని కారులో సబ్బవరం మీదుగా తీసుకెళ్ళాం. దారి పొడుగునా వాంతి వస్తుందని అంది గానీ రాలేదు. ఆ హాల్లో నా కళ్ళు చాలలేదు. ఎక్స్‌రే ఫిల్ముల మీద విరిగిన ఎముకల్ని ఎర్రదారంతో అతికించిన మనిషి ఉన్నాడు, మీసాలున్న మగవాడు, ఎంత పొందికైన గొలుసు కుట్టు! భీమిలి వైపు నుంచి వచ్చిన ఒకామె తెగిన చేపలవలని గోడ నిండా కట్టి, ప్రతి చిరుగులోనూ రంగు దారంతో ఒక చేపని అల్లింది. ఒక చిన్న వయసు పిల్ల అమ్మమ్మ బొంతని విప్పి, అందులో ఎవరెవరి చీరలున్నాయో పొరలు పొరలుగా పరిచింది. ఇలాంటి వాళ్ళు ఇంతమంది ఉన్నారని, మా వదిన ఒక్కతే పిచ్చిది కాదని తెలిసి నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. వాళ్ళందరూ మా చీర దగ్గరికి వచ్చి, ఆ బెజ్జాల ముందు ఎక్కువసేపు నిలబడ్డారు.

గ్యాలరీ నడిపే మేడం పొద్దున్నే వదినని పక్కకి పిలిచి, ఆ చీరని తమ దగ్గరే శాశ్వతంగా ఉంచుకుంటామని అడిగిందట. అద్దాల పెట్టెలో, తేమ తగలకుండా. అమ్మగారికి కావాలంటే మంచి తెల్లపట్టుచీర ఇంకోటి తెచ్చిస్తామందట. వదిన అవునూ అనలేదు, కాదూ అనలేదు. నాతో ఆ మాట చెప్పినప్పుడు మొహం పాలిపోయి ఉంది. తను చేసిన పనుల్లో అంత మంచిది మళ్ళీ చేయలేనని తనకి తెలుసు. ఇంటికి తెస్తే అది ఎక్కడికి పోతుందో కూడా తెలుసు.

ఇంతలో అత్త నేరుగా వెళ్ళి చీర మీద చెయ్యి వేసింది. అక్కడ నిలబడ్డ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ముట్టుకోకూడదండీ."

"నా సీర నేను ముట్టుకోకూడదేటి?"

జనం చేరారు. మేడం కూడా వచ్చింది. అత్త ఎవరో తెలిసి, చేతులు పట్టుకుని, చీర తాము ఉంచుకుంటామన్న సంగతంతా అత్తకే చెప్పేసింది. చెడ్డ మనిషి కాదు. నచ్చినదాన్ని వదులుకోలేని మనిషి, నా కొట్టుకొచ్చే వాళ్ళందరిదీ అదే జబ్బు. "ఇంత పని మట్టిలో కలిసిపోతే మీకు బాధగా ఉండదా అమ్మా?" అంది.

అత్త ఆవిడ మొహంలోకి చూసింది. "నేను కలిసిపోతే బాధ నేదు గానీ, సీర కలిసిపోతే బాధేటమ్మా?"

అత్తకే జాలేసినట్టుంది, మేడం చెయ్యి తట్టి, "సూసీండి బాగా. తరవాత నాతో వచ్చేస్తాది కదా" అంది. అప్పుడు వదిన ముందుకొచ్చి, చీర ఇంటికి తీసుకెళతామని మేడంతో చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు అత్త నిద్రపోయింది. వదిన నాతో, "అమ్మ రాకపోతే సరే అనేసేదాన్నే" అంది.

"అనరా మరి? ఎవరైనా అంటారు" అన్నాను. తన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి.

క్రిస్మస్ ముందు ట్రంకు పెట్టె తెరిచి, చీర వరండాలో ఆరేశాం. మడత మార్చడానికి నేను నా కొస పట్టుకున్నాను. అత్త తన కొస పట్టుకోలేదు.

"మడత ఎందుకే? పండక్కి కట్టెత్తాను. పోయినాక కడితే నాకు కనిపిస్తాదేటి? కొత్త కళ్ళు మరి ఎందుకేయించుకున్నాను?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "కొలతలు తీసుకో."

ఈసారి వంటింట్లోకి పోలేదు. టేపు తెచ్చాను. ఒక్క పూస కూడా వేయకుండా తెల్లజాకెట్టు కుట్టాను. నా జన్మలో కుట్టిన జాకెట్లలో అంత సాదాది లేదు, అంత జాగ్రత్తగా కుట్టిందీ లేదు.

పండగనాడు పొద్దున చర్చికి బయల్దేరే ముందు చీర నేనే కట్టాను. కొంగు మీద కొంగలు కిటికీ వెలుతురుకి లేచాయి. కుచ్చిళ్ళు చేతిలో సర్ది నడుం దగ్గర దోపాను. వదిన నేల మీద కూర్చుని, తను విప్పేసిన చోట, ఆ బెజ్జాల మీదుగా ఒక్కొక్క మడతా కిందికి లాగి సరిచేసింది.

అత్త తల వంచి చూసుకోలేదు. గోడకేసి చూస్తూనే అడిగింది. "పడ్డాయేటే?"

"పడ్డాయమ్మా" అంది వదిన. అని, ఆవిడ పాదాల దగ్గర నుంచి లేవకుండా అలాగే కూర్చుండిపోయింది.

"మరి లెగు," అంది అత్త, "గంట కొట్టేసేరు."