తలుపు తీయని ఇన్‌స్పెక్టరు, ఆళ్లగడ్డ అద్దం

మా క్రైమ్ సీరియల్లో ఇన్‌స్పెక్టరు సోమవారం ఒక తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. గురువారానికీ తీయలేదు. నాలుగు రోజులూ అదే చెయ్యి, అదే గొళ్లెం, తిరిగే ఫ్యాను, ఆయన నుదుటి మీద చెమట. ఒకే మొహాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తూ మూడు ఉరుములు. రాసింది నేనే. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ఉరుములతోనే కాబట్టి సిగ్గుపడను. అయినా చూసేవాళ్లు తగ్గారు. "ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు కళ్లు చివర్లో చెక్కుతారట. చెయ్యి జారితే అంతా పోయినట్టే. అదీ టెన్షనంటే! చూసి రా," అన్నాడు నిర్మాత.

ఉదయం ఆరుంబావుకి నంద్యాలలో రైలు దిగాను. స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మీరూ తినండి, మిరపకాయను మాత్రం చులకనగా చూడకండి. ఏడున్నరకి ఆళ్లగడ్డ బస్సు దొరికింది. శిరివెళ్లలో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. ఒళ్లో తువ్వాలు చుట్టిన మూట. కుదుపు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పొదువుకుంటోంది. నా బుర్ర ఊరుకుంటుందా? ముందు మూట, తర్వాత ఆమె వేళ్లు, కళ్లు, మళ్లీ మూట. మా సీరియల్లో అయితే, సీమ కాబట్టి లోపల వేటకొడవలి పెట్టేసి, అక్కడే ప్రకటనలు వేసేవాణ్ని.

"ఏందప్పా, అట్ల చూస్తాండావ్? అద్దం," అని ఆమె తువ్వాలు విప్పి చూపించేసింది. వారం రోజులు లాగాల్సిన ఎపిసోడు రెండు క్షణాల్లో అయిపోయింది.

ఆమె పేరు సుంకమ్మ. వాళ్ల ఊళ్లో పెద్దమ్మ పాత విగ్రహం పగిలితే కొత్తది చేయిద్దామని అందరినీ ఒప్పించింది ఈమేనట. ఆరు నెలల పని. ఈ రోజే కళ్లు తెరుస్తారు. అమ్మవారి తొలిచూపు అద్దంలో పడాలి. కన్ను చెడితే ఆ రాయి పూజకు పనికిరాదు, ఆదివారం ప్రతిష్ఠ ఆగిపోతుంది.

"ఊరంతా నన్నే అంటారు. నిన్నట్నుంచి ముద్ద దిగల్యా," అంది. నేను వెతుక్కుంటూ వచ్చిన టెన్షన్ పక్క సీట్లోనే దొరికింది. నాకు సంతోషమేసింది. అంతటి మనిషిని.

నేనేం రాస్తానో చెప్పగానే ఆమె నా వైపు తిరిగింది. "ఆ తలుపోడివి నువ్వేనా! తలుపెనక ఎవురుండారప్పా?"

"చెప్పకూడదమ్మా," అన్నాను గంభీరంగా.

తొమ్మిది గంటలకు ఆళ్లగడ్డలో దిగి సుంకమ్మ వెంటే శిల్పి షెడ్డుకి వెళ్లాను. శిల్పి అరవై దాటిన పెద్దాయన, కనుబొమలనిండా రాతిపొడి. షెడ్డులో ఆమెతోపాటు నన్నూ నిలబడనిచ్చాడు. ఉలిని విగ్రహం కంటిరెప్ప మీద ఆనించి సుత్తి ఎత్తాడు. నేను ఫోను తీసి, "ఒక్క నిమిషం అట్లాగే ఆపండి పెద్దాయనా, చేతిని దగ్గర్నుంచి ఫొటో తీసుకుంటా," అన్నాను.

ఆయన సుత్తి దించాడు. "ఎత్తిన చెయ్యి ఆపితే వణుకుతాది. వణికితే కన్ను పోతాది. నువ్వు బయటికి నడువ్."

సుంకమ్మ నా వైపు చూడకుండా అద్దాన్ని తువ్వాలుతో తుడిచింది. నేను బయటికొచ్చాక లోపల్నుంచి రేకు తలుపు వేశారు.

టక్. టక్. తర్వాత ఏమీ లేదు. రోడ్డు మీద ఒక ట్రాక్టరు పోయింది. ఆ మోత తగ్గాక చెవి పెట్టి విన్నా ఉలి చప్పుడు లేదు. పని ఆపాడా, చెయ్యి జారిందా? మూడు వందల ఎపిసోడ్లు రాసిన నేను తలుపు సందులోంచి తొంగిచూశాను, ఏమీ కనబడలేదు. నా పాడునోటి వల్ల ఆ కన్ను పోతే ఆమె ఊళ్లో ఎలా తలెత్తుకుంటుంది?

"అద్దం పట్టు సుంకమ్మా!" లోపల్నుంచి శిల్పి కేక.

కాసేపటికి ఆమె తలుపు తెరిచి బయటికి వచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "చూసిందప్పా! అమ్మ చూసింది!" అంటూ నా చెయ్యి పట్టుకుంది. తిట్టాల్సిన మనిషి.

పన్నెండున్నర బస్సుకి ఇద్దరం తిరుగు ప్రయాణమయ్యాం. నిర్మాత ఫోను చేశాడు. ఏమీ చూడలేదనీ, తలుపు బయట నిలబెట్టారనీ చెప్పాను. "అబ్బ! ఇంకో తలుపు! రెండు వారాలు లాగొచ్చు," అన్నాడు.

శిరివెళ్ల దగ్గర పడుతుండగా సుంకమ్మ మళ్లీ అడిగింది. "ఇప్పుడన్నా చెప్పు. ఆ తలుపెనక ఎవురుండారు?"

ఉదయం చూపించిన గాంభీర్యం ఇప్పుడు రాలేదు. "మాకూ తెలీదమ్మా. ఇంకా అనుకోలేదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "లోపల ఎవురూ ల్యాకుండానే మమ్మల్ని నాలుగు దినాలు నిలబెట్టినావా?" అని, అద్దం జాగ్రత్తగా పట్టుకుని దిగిపోయింది.

నంద్యాలలో రైలెక్కి కాగితం తీశాను. 'ఇన్‌స్పెక్టరు తలుపు తీశాడు' అని రాశాను. రైలు డోన్ స్టేషన్ దాటినా లోపల ఎవరున్నారో నాకు తట్టలేదు.