నర్సమ్మ గారూ, నమస్కారం

బతికున్న మనిషిని నా బొటనవేలితోటి దయ్యాన్ని జేసిన ఘనుణ్ని నేను. నవ్వుకుందురు గని, ముందుగాల జర తలుపు దగ్గరికేసి రాండ్రి.

తెలంగాణ ఇంకా రాని రోజులు. బ్యాంకు ఖాతా లేని ముసలోళ్లకు సర్కారు పించను కార్డు మీద ఇచ్చేటోళ్లు. మిషన్‌ల కార్డు పెట్టాలె, బొటనవేలు ఒత్తాలె. అది మాట్లాడుతది, నేను పైసలిస్త. నాచారంల ఆ మిషన్ నా చేతికొచ్చింది; మొదలు అందరి వేలిముద్రలు కార్డులకు ఎక్కిచ్చింది గూడ నేనే. ఇగ సర్కారును నేనే నడుపుతున్నట్టు కాలర్ ఎగరేసుకొని తిరిగిన.

మా బస్తీల నర్సమ్మ అని ఒక అవ్వ ఉండె. ఇండ్లల్ల గిన్నెలు తోమి తోమి ఆమె బొటనవేళ్ల మీద గీతలే లేకుండ పోయినయి. ఎన్నిసార్లు ఒత్తినా మిషన్‌ల ఆడగొంతు ఒకటే పాట: "వేలిముద్ర సరిపోలేదు."

"నేను నేను గానా కొడుకా?" అన్నది అవ్వ.

"నువ్వే అవ్వా. మిషన్ ఒప్పుకుంటలేదు."

పించను తీసుకోనోళ్లను ఆఫీసుల సచ్చినోళ్ల కింద రాస్తరని ఆమెకు భయం. "నేను బతికే ఉన్న, యాదిపెట్టుకో" అని, పరేషాన్‌ల కార్డు నా దగ్గరనే మర్సిపోయింది.

తరువాతి నెల ఆమె రాలె. పక్కింటి యాదమ్మను అడిగిన.

"ఇంటికి తాళమున్నదిరా శీను. దవాఖానకు తీస్కపోయిన్రంట. ఉన్నదో, పోయిందో!"

ఆ పొద్దుమీకి మబ్బు పట్టి, కమ్యూనిటీ హాల్‌ల కరెంటు పోయింది. అందరూ ఎల్లిపోయిన్రు. మౌలాలి దిక్కు గూడ్సు బండి కూత ఎవరో ఏడ్చినట్టు ఇనబడుతున్నది. మిషన్ బ్యాటరీ మీద నడుస్తనే ఉన్నది. ఖరాబయిందేమో సూద్దామని అవ్వ కార్డు పెట్టిన.

"మీ వేలు పెట్టండి."

ఎవరున్నరు పెట్టనీకి? ఊరికెనే నా వేలు పెట్టిన.

"నర్సమ్మ గారూ, నమస్కారం. వేలిముద్ర సరిపోయింది."

చీకట్ల మిషన్ మీది ఒక్క లైటు నన్నే సూస్తున్నది. వేలు లుంగీకి తుడిసి మళ్ల పెట్టిన.

"నర్సమ్మ గారూ, నమస్కారం."

"అవ్వా," అన్న, "నాలోకి దూరినవా?"

"ఎవలు పిలిచిన్రు?" అన్నది తలుపుకాడి నుంచి ఒక గొంతు.

నెత్తి మీదికెల్లి తెల్ల ప్లాస్టిక్ సంచి, మొఖం లేదు, నీళ్లు కారుతున్నయి. నేను ఎప్పుడు టేబుల్ కింద దూరిన్నో నాకే తెల్వదు.

"నీ పించను నీకే ఇస్త! నన్ను ఇడిసిపెట్టు!"

"గదే అడుగుతున్న గద కొడుకా, ఇయ్యి!"

సంచి తీస్తే నర్సమ్మ. జ్వరమొచ్చి దవాఖానల ఉండి, మేడిపల్లిల బిడ్డ దగ్గర కోలుకొని, వానల తడుసుకుంట వచ్చింది. ఆమె చెయ్యి ముట్టి సూసిన. వెచ్చగనే ఉన్నది. అయినా ఆమె దిక్కు సూడనీకి భయమే, నా వేలి దిక్కు సూడనీకి ఇంకింత భయం.

తెల్లారి ఇద్దరం ఉప్పల్ ఆఫీసుకు పోయినం. సూపర్‌వైజర్ గుంటూరాయన. కార్డు అటూ ఇటూ తిప్పి చూసిండు.

"మొదట్లో వేలిముద్రలు తీసినప్పుడు ఈవిడ వేలు పడకపోతే ఏం చేశావయ్యా?"

"ఎట్ల ఒత్తాలెనో సూపెట్టిన సార్."

"ఎలా?"

"గిట్ల..." అని వేలు ఒత్తబోయి ఆగిపోయిన.

ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నడు. "అప్పుడు నీ ముద్రే పడిపోయింది! ఇన్నాళ్లూ ఈ కార్డులో నర్సమ్మవి నువ్వేనయ్యా!"

అవ్వ చూపుడువేలు ముద్ర పడేటట్టు తీసి, ఆగిన పించనంతా ఇప్పిచ్చిండు. పైసలు కొంగున ముడేసుకొని నర్సమ్మ నన్ను కిందికీ మీదికీ సూసింది.

"ఇన్ని దినాలు నా పేరు వాడుకుంటివి గద కొడుకా. నా మోకాళ్ల నొప్పులు గూడ తీస్కపో!"

ఆఫీసంత పడి పడి నవ్విన్రు. ఉప్పల్ చౌరస్తల నిలబడి, పోయే బస్సులన్నిటి సాక్షిగ నేను ఒట్టేసుకున్న: ఇక ఈ జన్మల ఎవలికేది సూపెట్టాలన్నా నోటితోనే చెప్త, చేతులు మాత్రం జేబుల్లనే ఉంటయి.